నాదీ యాభయ్యే

రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయి మాత్ర చేతిలో పట్టుకుని మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లింది. గిన్నెలు సర్దుకుంటున్న మా అప్ప, "నీదెంతే డోసు?" అని అడిగింది. అక్కని మా శ్రీకాకుళం వైపు అప్ప అంటాం.

"ఫిఫ్టీ, అత్తా."

"ఓలమ్మ! నాదీ యాభయ్యే!"

అప్ప గబగబా ఫ్రిజ్ మీదున్న థైరోనార్మ్ సీసా తెచ్చి మేనకోడలి ముందు పెట్టింది. ఒకటే జబ్బు, ఒకటే డోసు, మేనత్త పోలిక రాక ఎక్కడికి పోతుంది అని ఒకటే మురిపెం. అప్పది 50 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర. మా అమ్మాయిది 50 మిల్లీగ్రాముల సెర్ట్రలిన్, డిప్రెషన్‌కి వాడేది. ఆ తేడా తెలిసినవాళ్లం ఆ ఇంట్లో ముగ్గురమే: నేను, మా ఆవిడ, ఆ పిల్ల. ముగ్గురం గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాం.

థైరాయిడ్ అని చెప్పింది నేనే. ఫిబ్రవరిలో అమ్మ ఫోన్ చేసి "పిల్ల కాలేజీ మానేసి ఇంటికొచ్చేసిందటేటి?" అని అడిగితే నోటికి మొదట వచ్చిన జబ్బు పేరు అది. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరికి ఉండేదే, విన్నవాళ్లు భయపడరు, చాటుగా చెప్పుకోరు. పెళ్లి సంబంధాల దగ్గర అదీ ఒక లోపమే అనుకోండి, కానీ సర్దుకుపోయే లోపం. డిప్రెషన్ అంటే మావాళ్ల కళ్ల ముందు నిలిచేది విశాఖ పిచ్చాసుపత్రి. బయట బోర్డు మీద ప్రభుత్వ మానసిక వైద్యశాల అనే ఉన్నా, మా చిన్నప్పటి నుంచీ మాకది పిచ్చాసుపత్రే.

ఒక్క అబద్ధానికి ఇంత సేవ జరుగుతుందని అనుకోలేదు. మేం జులైలో దిగేసరికి అప్ప ఇంట్లో క్యాబేజీ, కాలీఫ్లవర్ బంద్. థైరాయిడ్‌కి పడవట. పొద్దున్నే చోడి అంబలి. అమ్మయితే అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కేసుకుంది. మా జిల్లాలో ఒంటి బాధలన్నీ ఆయనకే చెప్పుకుంటారు. పిల్లకి థైరాయిడ్ తగ్గాలి తండ్రీ అని ఐదు నెలలుగా మొక్కుతోందట. దేవుడి దగ్గరికి కూడా తప్పుడు రిపోర్టే వెళ్లింది.

ఈ సంగతి నాకు తెలిసిన తీరు కూడా గొప్పగా చెప్పుకునేది కాదు. మేం ఉండేది న్యూజెర్సీలో. అమెరికాలో పిల్లలు 26 ఏళ్లు వచ్చేదాకా తల్లిదండ్రుల ఇన్సూరెన్సు మీద ఉండొచ్చు. వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ లెక్కల కాగితం పాలసీ ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికి వస్తుంది. పైన "ఇది బిల్లు కాదు" అని రాసి ఉంటుంది కాబట్టి ఆ కవర్లు నేను ఏళ్ల తరబడి చింపకుండానే పడేశాను. కిందటి డిసెంబరులో ఇంకేదో కాగితం వెతుకుతూ ఒకటి చింపాను. 19 ఏళ్ల మా అమ్మాయి పేరు, పక్కన సైకోథెరపీ, 45 నిమిషాలు. అలాంటివి ఆరు వరసలు.

వెంటనే ఆ క్లినిక్‌కి ఫోన్ చేశాను. ఆ పేరున్నవాళ్లు మా దగ్గరికి వస్తున్నారో లేదో కూడా చెప్పలేం అంది రిసెప్షన్‌లో అమ్మాయి, చాలా మర్యాదగా. నేను తండ్రిని, డబ్బు కట్టేది నేను అన్నాను. 18 నిండాక ఆ వివరాలు వాళ్ల సొంతం, వాళ్లు సంతకం పెట్టి ఒప్పుకుంటే తప్ప క్లినిక్ వాళ్లు మామూలుగా మనకు చెప్పరు. (మనం చెప్పేది వినడానికి మాత్రం వాళ్లకు అడ్డులేదు. ఇది నాకు తర్వాత తెలిసింది, చాలామందికి తెలీదు.) శ్రీకాకుళంలో డాక్టరు రోగితో కన్నా రోగి మేనమామతో ఎక్కువ మాట్లాడతాడు. అలాంటి చోట పెరిగినవాణ్ని, ఆ రోజు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడనిపిస్తుంది, నాకు తెలిసిపోతుందనుకుంటే మా పిల్ల అసలు ఆ గుమ్మం తొక్కేదే కాదని.

సెలవులకు వచ్చినప్పుడు తనే చెప్పింది. రాత్రంతా మెలకువ, పగలంతా మంచం మీదే, క్లాసులకు వెళ్లి నెలన్నర అయిందని. వారానికో సిట్టింగ్ సరిపోదు, ఇంకాస్త గట్టి చికిత్స కావాలన్నారు. కాలేజీ నుంచి మెడికల్ లీవ్ తీసుకున్నాం.

గట్టి చికిత్స అనగానే నాకు ఇనప మంచం, కిటికీ ఊచలు కనబడ్డాయి. అక్కడ దానికి మెట్లున్నాయి. కింది మెట్టు వారానికో గంట. పై మెట్టు ఆసుపత్రిలో చేర్చుకోవడం, ప్రాణం మీదికి వచ్చేలా ఉన్నప్పుడు. మధ్యలో రెండున్నాయి. ఒకటి పగలంతా అక్కడ ఉండి సాయంత్రం ఇంటికి వచ్చేది, వారానికి 20 గంటలు, ఆ పైన. రెండోది వారానికి 9 గంటల నుంచి మొదలవుతుంది, ఇంటెన్సివ్ ఔట్‌పేషెంట్, పొట్టిగా ఐఓపీ అంటారు. మా అమ్మాయికి రెండోది రాశారు. సోమ, బుధ, గురువారాలు సాయంత్రం 5 నుంచి 8 దాకా, పది వారాలు. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి విడిగా ఒక గ్రూపు. మానసిక జబ్బుల్లో ముప్పాతిక వంతు 24 ఏళ్లలోపే మొదలవుతాయట. ఆ వయసు పిల్లల గురించి సీటు, ఉద్యోగం, వీసా తప్ప దేనికీ టెన్షన్ పడని జాతి మాది.

ఆ మూడు గంటలూ నేను బయట కారులో కూర్చునేవాణ్ని. పళ్ల డాక్టరు ఆఫీసు వెనక చిన్న భవనం. ఫిబ్రవరి చలి. పక్క కార్లలో ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు. ఒకాయన కారులో వినాయకుడు వేలాడుతుండేవాడు, గుజరాతీ ఆయన అనుకుంటాను. పది వారాలు తలలూపుకున్నాం తప్ప ఒక్క మాట అనుకోలేదు. గుడిలో ఎదురుపడితే ఎక్కడా చూడనట్టే నటిస్తామేమో ఇద్దరం.

లోపల నేర్పేది డీబీటీ అనే పద్ధతి, మార్షా లీనహాన్ అనే అమెరికా సైకాలజిస్టు తయారుచేసింది. బాధ ఉప్పెనలా వచ్చినప్పుడు ఏ అఘాయిత్యం చేసుకోకుండా ఆ గంట దాటడం ఎలా అన్నది అందులో పెద్ద పాఠం. ముఖాన్ని చల్లటి నీళ్లలో కాసేపు ముంచడం కూడా నేర్పుతారు, గుండె వేగం తగ్గుతుందని. ఒక రాత్రి బాత్రూంలో ఐసు ముక్కల చప్పుడు విని కంగారుపడి తలుపు బాదాను. "హోంవర్క్, నాన్నా" అంది లోపల్నుంచి.

ఔట్‌పేషెంట్ అంటే మనకు సులువనుకున్నాను. వారానికి 168 గంటలు. వాళ్ల దగ్గర ఉండేది తొమ్మిది. మిగతా 159 మా ఇంట్లో. మొదటి వారంలోనే ఇంట్లో ఉన్న మందులన్నీ తాళం వేసి పెట్టమన్నారు. ప్రవాసుల ఇంట్లో మందుల సంగతి తెలిసిందే కదా. ఇండియా వెళ్లొచ్చిన ప్రతిసారీ మోసుకొచ్చిన డోలోలు, యాంటీబయాటిక్స్, రెండు పెద్ద సంచులు తేలాయి, సగానికి గడువు దాటిపోయింది. మా ఆవిడ ఏడుస్తూ సర్దింది. నేను తాళం పెట్టె కొనుక్కొచ్చాను. సెర్ట్రలిన్ 25తో మొదలుపెట్టి 50 చేశారు. గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందన్నారు. పాతికేళ్లలోపు వాళ్లలో మొదటి వారాల్లో చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చు, కనిపెట్టుకుని ఉండండి అని మందు కాగితం మీదే హెచ్చరిక ఉంది. ఆ వారాలు మా ఆవిడ దాని గదిలోనే పడుకుంది.

వారానికోసారి కుటుంబంతో కూర్చునేవాళ్లు. ఒకరోజు థెరపిస్టు నన్నడిగింది, బాధగా ఉందని తను మొదటిసారి చెప్పినప్పుడు మీరేమన్నారని. గుర్తులేదన్నాను. మా అమ్మాయికి గుర్తుంది. అక్టోబరులో ఫోన్‌లో. తెలుగులోనే చెప్పింది: "నీకేం తక్కువ?" ఇంగ్లీషులో అర్థం చెప్పింది, ఉన్నదున్నట్టు. థెరపిస్టుకి అది మంచి ప్రశ్నలాగే వినబడింది. మరి నువ్వేం జవాబు చెప్పావని అడిగింది. మన దగ్గర ఆ మాటకి జవాబెవరు చెబుతారు? నోరు మూయించడానికి అనే మాట అది. మా నాన్న నన్ననేవాడు, ఆయన్ని మా తాత అనే ఉంటాడు. అప్పట్లో తక్కువైనవి నిజంగానే బోలెడు ఉండేవి కూడా. ఈ పిల్ల మాత్రం నిజంగా జవాబు వెతికిందట. నోట్‌బుక్‌లో జాబితా రాసుకుందట, ఏం తక్కువో. ఏదీ తేలలేదట. ఏదీ తక్కువ కాకుండానే ఇలా ఉన్నానంటే లోపం నాలోనే ఉందని తేల్చుకుందట.

ఇక్కడ ఇంకో రెండు వాక్యాలుండేవి. చదివి వినిపిస్తే తీసేయమంది.

ఏప్రిల్‌లో ఆ ప్రోగ్రామ్ పూర్తయింది. జులైలో మూడు వారాలు శ్రీకాకుళం. అమెరికాలో థెరపిస్టుల లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. దేశం దాటితే వీడియోలో కూడా సిట్టింగ్ కుదరదన్నారు. బదులుగా ఇద్దరూ కూర్చుని ఒక కాగితం రాశారు: మనసు జారిపోతోందనడానికి గుర్తులు, అప్పుడు తను చేసుకోగలిగినవి, ఎవరితో మాట్లాడాలి, చివర్లో హెల్ప్‌లైన్ నంబర్లు. అమెరికాలో అయితే 988. ఇండియాకి 14416 నేను రాశాను. అది టెలీ మానస్, 2022 అక్టోబరులో మొదలైంది, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడొచ్చు. "ఎవరితో మాట్లాడాలి" అన్నచోట శ్రీకాకుళం మనుషుల పేరు ఒక్కటీ లేదు. వాళ్లకి తెలిసింది థైరాయిడ్ కదా.

నాలుగో రోజు రాత్రి అప్ప నా మీదికి వచ్చింది. "థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపునేసుకోవాలిరా. ఈ పిల్ల అన్నం తిని రాత్రేసుకుంటంది. మీ అమెరికా డాక్టరుకి ఆపాటి తెలీదేటి?"

నేను ఏదో నసిగాను. మా అమ్మాయి పళ్లెం పక్కన పెట్టి, "ఇది థైరాయిడ్‌కి కాదత్తా. డిప్రెషన్‌కి. నాన్న అబద్ధం చెప్పాడు" అంది. ఆ ఆఖరి ముక్క అక్కర్లేదనిపించింది నాకు, ఆ క్షణంలో కూడా.

అప్ప కాసేపు తన సీసా వంక చూసింది. "అయితే ఆ యాభై ఈ యాభై ఒకటి కాదన్నమాట" అంది. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మ సేత దేవుడికి కూడా అబద్ధం సెప్పించావు కదరా" అంది.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక చాలాసేపు మాట్లాడింది. మా చుట్టాల్లో ఒకతను ఏళ్ల తరబడి విశాఖలో "నరాల డాక్టరు" దగ్గరికి వెళ్తున్నాడట. ఆ నరాలు ఏ నరాలో ఇంట్లో అందరికీ తెలుసట, ఎవరూ అనరట. ఊళ్లో రిమ్స్ ఆసుపత్రి ఉండగా విశాఖ బస్సెందుకు ఎక్కడమంటే, ఓపీ లైన్లో తెలిసినవాళ్లు కనబడతారని. నాకు పార్కింగ్‌లో వినాయకుడి కారు గుర్తొచ్చింది.

మర్నాడు బావ మొదలుపెట్టాడు. ఆ మాత్రలు అలవాటైపోతాయి, పారేయించు, పొద్దున్నే ప్రాణాయామం చేయించు అని. ఇవి మత్తుమందుల్లా అలవాటయ్యేవి కావు, కానీ ఉన్నపళంగా ఆపితే తల తిరుగుడు, నిద్రలేమి, చిరాకు వస్తాయి, డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి అని నేను చెబుతుంటే ఆయన వినలేదు. "ఈ వయసులో దిగులేటమ్మా, నీకేం తక్కువ?" అనేశాడు.

నేను పిల్ల ముఖం వైపు చూశాను.

"ఏమీ తక్కువ లేదు మామయ్యా. జబ్బుంది, అంతే" అని లోపలికి వెళ్లిపోయింది. రెండు రోజులు గదిలోంచి పెద్దగా బయటికి రాలేదు. మేమిద్దరం వంతులేసుకుని కనిపెట్టుకున్నాం. అప్ప ఆ గది గుమ్మంలో పీట వేసుకుని పనస తొనలు ఒలుస్తూ కూర్చుంది, మాటా పలుకూ లేకుండా. మధ్యమధ్యలో ఒక తొన లోపలికి వెళ్లేది. మూడో రోజు మా అమ్మాయి ఆ కాగితం తీసి ఖాళీగా ఉన్న గీత మీద ఒక పేరు రాసింది.

అమ్మకి అప్పే చెప్పింది. అమ్మ ఏమీ అనలేదు. ఆదివారం అరసవల్లి తీసుకెళ్లమంది. అంత జనంలోనూ కళ్లు మూసుకుని చాలాసేపు గొణిగింది. ఏం మొక్కావని బయటికొచ్చాక అడిగితే, "ఆ పేరు నాకు నోరు తిరగలేదు. పిల్లకి మనసు బాగోలేదని సెప్పేను" అంది.

ఆగస్టులో మా అమ్మాయి మళ్లీ కాలేజీకి వెళ్లింది, సబ్జెక్టులు రెండు తగ్గించుకుని. అప్ప పరగడుపు మాత్ర వేసుకునేది పొద్దున్న 6 గంటలకి. అప్పుడు అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. రోజూ ఆ టైముకి మేనకోడలికి వీడియో కాల్ చేస్తుంది, ఇద్దరూ చెరో గ్లాసు నీళ్లు పట్టుకుని మాత్రలు వేసుకుంటారు. ఒక్కోరోజు నిమిషం కూడా మాట్లాడుకోరట. నవంబరులో అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పాం. ఏడున్నరకే ఫోన్ మోగుతోంది, అప్పటికి దాని భోజనం కాదు. అప్ప నాకు ఫోన్ చేసి, "గడియారం ఎనక్కి తిప్పుకోడమేటిరా, సూర్యుడు మీ సెప్పుసేతల్లో ఉంటాడేటి?" అని తిట్టింది. ఇప్పుడు తన మాత్ర ఏడింటికి మార్చుకుంది.