ప్రహరీ పక్క మడి, పదింటికి విచ్చే పూలు

జూన్, రెండో ఆదివారం

గేటు నుంచి మెట్ల దాకా తూర్పు ప్రహరీ వెంట 14 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పున నేల ఉత్తినే పడి ఉంది. జానెడు లోతు తవ్వేసరికి ఇల్లు కట్టినప్పుడు పూడ్చేసిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు 8 తట్టలు వచ్చాయి. రెండు బస్తాల మాగిన గెత్తం, ఒక బస్తా ఇసుక కలిపి చదును చేశాం. గోడ అడ్డం వల్ల ఎండ తొమ్మిది దాటితే గానీ పడదు, రెండున్నరకి ఇంటి నీడ వచ్చేస్తుంది. గేటు దగ్గర 4 అడుగులు మాత్రం వేపచెట్టు కింద చెదురు నీడ.

నాక్కావలసింది నేలమీద పరుచుకుని, మోకాలెత్తు దాటకుండా, పూలు పూసేవి.

జూన్, మూడో ఆదివారం

రాజమండ్రి నుంచి కడియపులంక ఎంత దూరమని! పొద్దున్నే వెళ్లి వచ్చాం. టేబుల్ రోజ్ నాలుగు రంగుల్లో 20 కవర్లు, పసుపు పూల అరాచిస్ 15, నీలం ఎవాల్వులస్ 6, ఊదారంగు పాకే లాంటానా 4 కొన్నాను. డబ్బులిచ్చేటప్పుడు నర్సరీ ఆయన రెండు వెడేలియా కొమ్మలు చేతిలో పెట్టాడు. "ఎండైనా నీడైనా ఏసేయండమ్మా, మూడు నెలల్లో అల్లేసుద్దండి." ఊరికే వచ్చింది కదా అని గేటు దగ్గర పాతాను.

టేబుల్ రోజ్ 6 అంగుళాలకొకటి, అరాచిస్ 8 అంగుళాలకొకటి, లాంటానా రెండడుగులకొకటి పెట్టాను. లాంటానాల మధ్య ఖాళీ చూసి పక్కింటావిడ జాలిపడింది.

జూలై చివర

ఆయన అబద్ధమాడలేదు, అల్లేసింది. ఐదు వారాల్లో వెడేలియా తీగ రెండడుగులు పాకి, కణుపు కణుపుకీ వేరు దించి అరాచిస్ మీదకెక్కింది. పీకితే తెగిపోతుంది, తెగిన వేలెడంత ముక్క మళ్లీ చిగురిస్తుంది. ప్రపంచంలో అతి చెడ్డ 100 చొరబాటు జీవుల జాబితాలో దీని పేరుంది. ముక్కలన్నీ ఏరి డాబా మీద ఎండబెట్టాను. ఇలాంటిది పీకి కాలవగట్టున పడేస్తే గట్టంతా అదే అవుతుంది.

ఇంకో శత్రువు తుంగ. గెత్తంతో వచ్చిందో, ముందే ఉందో! పైన గిల్లితే లాభం లేదు, వాన పడ్డ మర్నాడు చిన్న గునపంతో కింది గడ్డతో సహా లాగాలి. ఆదివారానికో గంట దీనికే పోతోంది. మొక్కలు అల్లుకోకముందే ఈ పని తెమలాలి, తరవాత చెయ్యి దూరదు.

ఆగస్టు

నీరు నిలిచిన పల్లంలో టేబుల్ రోజ్ కాడలు మెత్తబడి కుళ్లాయి. గంగపావిలి కూర చుట్టమే కదా, కాడ నిండా నీళ్లే. బాగున్న కొసలు నాలుగేసి వేళ్ల పొడవున తుంచి, కింది ఆకులు తీసి, ఒక పూట నీడన ఆరబెట్టి, 3 అంగుళాలు ఇసుక పోసి ఎత్తు చేసిన చోట గుచ్చాను. పది రోజుల్లో నిలదొక్కుకున్నాయి.

చవితికి పత్రిలో విష్ణుక్రాంత కావాలన్నారు అత్తయ్యగారు. ఎవాల్వులస్ చూపించాను, అదీ ఇదీ ఒక కుటుంబమేనని. "అసలు విష్ణుక్రాంత పువ్వు శనగగింజంత ఉంటుందమ్మాయ్, ఇది రూపాయి బిళ్లంతుంది," అని పక్కన పెట్టేశారు. బజారు నుంచే తెచ్చాం.

సెప్టెంబరు

మడి నిండా పూలేనట. "అట" అనే అనాలి. నేను ఎనిమిదింటికి బ్యాంకుకి బయల్దేరేటప్పటికి టేబుల్ రోజ్ మొగ్గలు ముడుచుకునే ఉంటాయి. ఆరింటికి వచ్చేసరికి వాడి ముద్దయిపోయి ఉంటాయి. అత్తయ్యగారు లెక్కపెట్టి వాట్సాప్‌లో ఫొటో పంపుతారు: "ఇవాళ 37". కొనేటప్పుడు రంగు చూశాను, ఎండ చూశాను, ధర చూశాను. ఏ వేళకి పూస్తుందో అడగాలని తట్టనే లేదు.

రెండు ఆదివారాలు కుర్చీ వేసుకుని కూర్చుని రాసుకున్నాను. టేబుల్ రోజ్ మా మడిలో తొమ్మిదిన్నర, పది మధ్య విచ్చి రెండున్నరకి మూసుకుంటుంది. మబ్బు పట్టిందా, సగం విచ్చి ఊరుకుంటుంది. అరాచిస్ పొద్దున్నే ఉంటుంది, మధ్యాహ్నానికి వాలిపోతుంది. ఎవాల్వులస్ మూడు దాకా. లాంటానా గుత్తులు మాత్రం నేను ఏ వేళకి వచ్చినా ఉంటాయి.

అక్టోబరు

మొత్తం మార్చేశాను. మెట్ల పక్కన, నేను బండి ఆపేచోట, లాంటానా. వేపనీడలో అరాచిస్, ఆ చెదురు నీడకి అదే తట్టుకుంటుంది. పైగా వేరుశనగ జాతి, వేళ్ల బుడిపెల్లో నత్రజని పట్టి ఉంచుతుంది, యూరియా జోలికి పోనక్కర్లేదు. టేబుల్ రోజ్‌ని దక్షిణాన వంటింటి కిటికీ కిందికి తరలించాను, అత్తయ్యగారు కూరలు తరుక్కునే చోటుకి. ఖాళీ అయిన మధ్య భాగానికి ఎవాల్వులస్ కొమ్మలు గుచ్చాను.

ఫిబ్రవరి

అరాచిస్ నేల కనపడకుండా కమ్మింది, తుంగ నూటికో చోట తల ఎత్తుతోంది. లాంటానాని ఆరు వారాలకోసారి మూడో వంతు కత్తిరిస్తున్నాను, లేకపోతే నడిమధ్య కట్టెబారి పూలన్నీ అంచులకి పోతాయి. ఆ కత్తిరింపులు గోడవతల వెయ్యను, లాంటానా ఆకు పశువులకి విషం.

మార్చి, రెండో శనివారం

బ్యాంకు సెలవు. తొమ్మిదిన్నరకి కాఫీ గ్లాసుతో కిటికీ వైపు వెళ్లాను. గోధుమరంగు చిన్న తేనెటీగలు అప్పటికే వచ్చి, ఇంకా విచ్చని మొగ్గల మీద తచ్చాడుతున్నాయి. ఒక గులాబీరంగు మొగ్గ కొస వదులైంది. దాని సందులోంచి ఒక ఈగ లోపలికి దూరిపోయింది, రేకులు ఆ తరవాత విడ్డాయి. తిరిగొచ్చిన ఈగ నిండా పసుపు పొడే.

కిటికీలోంచి అత్తయ్యగారు స్టూలు అందించారు. "కూర్చో అమ్మాయ్, తెల్లవి ఇంకా విచ్చలేదు."