మా పిల్లలు చదివిపెట్టిన ఊరు

కార్తీక బహుళం, లక్ష్మీవారం

మా వంటింటి గోడకు రెండు క్యాలెండర్లు ఉంటాయి. తెలుగుది చూస్తే ఇంకా కార్తీకం. ఒడియాది చూస్తే మార్గశిరం వచ్చేసింది. వాళ్ల లెక్కలో నెల పున్నమితో ముగుస్తుంది కాబట్టి కార్తీక పున్నమి మర్నాడే మార్గశిరం మొదలవుతుంది, మనకు అమావాస్య దాటాలి. అందుకే ఏటా ఈ పక్షం రోజులు మా వీధిలో సగం ఇళ్లు ఒక నెలలో, సగం ఇళ్లు ఇంకో నెలలో ఉంటాయి. ఆంధ్రాను ఆనుకుని ఉన్న ఈ ఒడిశా ఊరు పర్లాకిమిడిలో ఇది ఎవరికీ వింత కాదు. గురువారాన్ని లక్ష్మీవారం అనడం మా శ్రీకాకుళం వైపు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇక్కడి ఒడియా ఇళ్లలోనూ గురువారం లక్ష్మిదే. నెల దగ్గర తేడా వచ్చినా వారం దగ్గర కలిసిపోతాం.

తెల్లవారకముందే పక్కింటి మౌసీ గోడ మీదుగా పిలిచారు. "బాబును పంపమ్మా, పిండి సిద్ధంగా ఉంది." ఆవిడ ఒడియా ఆవిడే అయినా మాతో మాట్లాడేది తెలుగే. కోపం వస్తే మాత్రం ఒడియాలోకి వెళ్లిపోతారు. పిల్లలకు ఆవిడ జేజీమా, అంటే నాన్నమ్మ.

మార్గశిర గురువారాల్లో వాళ్లింట్లో మాణబసా పూజ. వెదురుతో అల్లిన మాణం అనే కొలపాత్రలో కొత్త వడ్లు నింపి లక్ష్మిని నిలుపుతారు. వీధి గుమ్మం నుంచి పూజ గది దాకా, నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండితో ముగ్గు. దాన్ని ఝోటి అంటారు. వరి కంకులు, తామరపువ్వులు, వాటి మధ్య నుంచి లోపలికి నడిచి వస్తున్నట్టు అమ్మవారి పాదాలు. ఆ పాదాలకు మౌసీది ఒక పద్ధతి. చిన్న పిల్లల పిడికిలి కావాలి. పిడికిలి బిగించి, చిటికెన వేలి వైపు అంచును పిండిలో ముంచి నేల మీద అద్దితే పాదం పడుతుంది. పైన వేలి కొసతో అయిదు చుక్కలు పెడితే కాలివేళ్లు. కుడి చేత్తో ఒకటి, ఎడమ చేత్తో ఒకటి. తడిగా ఉన్నప్పుడు సరిగ్గా కనిపించదు. ఎండ పడి ఆరిన కొద్దీ తెల్లగా తేలుతుంది.

మా అమ్మాయికి నడక సరిగ్గా వచ్చిన నాటి నుంచి ఈ పని దానిదే. కొన్నేళ్ల తరవాత ఒక మార్గశిరంలో మౌసీ దాని చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, "ఇక ఈ పిడికిలితో లక్ష్మి పాదాలు పడవు, ఆవిడ అత్తగారి పాదాలు పడతాయి" అని నవ్వి, ఇంకా చంకనున్న మావాణ్ణి దింపమన్నారు. అమ్మాయి కూడా నవ్వేసింది. నాకు మాత్రం ఆ పూటంతా దాని చేతుల మీదే ధ్యాస. రోజూ అన్నం కలిపి పెట్టిన చేతులు, తల దువ్వుతుంటే విదిలించుకున్న చేతులు, నా కళ్ల ముందే పెరిగాయి. నేను చూడలేదు, మౌసీ చూశారు. ఈ రోజు మావాడి వంతులోనూ ఆవిడ అలాగే చెయ్యి తిప్పి చూశారు. "ఇంకొక్క ఏడాది" అన్నారట. వాడు నాలుగో తరగతి. మోచేతుల దాకా పిండితో ఇంటికొచ్చి ఆ మాట గొప్పగా చెప్పాడు.

నేను టెక్కలి ఆడపడుచును. దూరమేమీ కాదు. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అక్కడి నుంచి అంతా మావైపే. కానీ ఏటికి ఆవల బోర్డులన్నీ తెలుగు, ఈవల గుండ్రటి తలలతో ఒడియా అక్షరాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. ఊరు ఇటు వచ్చింది, జమీందారీ పల్లెలు చాలా అటు ఉండిపోయాయి. మా మామయ్యగారి తండ్రికి ఇల్లు ఇటు, పొలం అటు. అలా రెండు కాళ్లూ రెండు చోట్ల పెట్టుకుని బతకడం ఈ ఇంటికి ముందు నుంచీ అలవాటే.

కోడలిగా వచ్చిన కొత్తలో ఒడియా మాట నాకు తొందరగానే పట్టుబడింది. కూరగాయల బేరం, పాల లెక్క, గోడ మీది కబుర్లు చాలు మాట రావడానికి. చదవడం రాలేదు. మా వారికి వచ్చు, కానీ ఆయన దుకాణం కట్టేసి ఇంటికి చేరేసరికి రాత్రి పది. మామయ్యగారు ఉన్నన్నాళ్లూ ఇంటికొచ్చిన ప్రతి కాగితం ఆయనే చదివి చెప్పేవారు. ఆయన పోయాక ఆ పని, ఎవరూ అప్పజెప్పకుండానే, మా పెద్దదాని మీద పడింది. అప్పటికి అది రెండో తరగతి.

మొదటి కాగితం బడి నుంచి వచ్చిన చీటీ. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. అది పీట లాక్కుని ఎక్కి నిలబడి, అక్షరం కింద అక్షరం వేలు జరుపుతూ చదవడం మొదలుపెట్టింది. ఒడియాలో ఒక మాట కూడబలుక్కోవడం, తలెత్తి నా ముఖం చూసి తెలుగులో చెప్పడం, నేను తల ఊపితే మళ్లీ వేలు ఉన్నచోటికి వెళ్లడం. నులిపురుగుల మాత్ర ఇస్తారట, పిల్లలు అన్నం తిని రావాలట. అంత చిన్న కబురుకు బాణలిలో వంకాయ ముక్కలు మాడిపోయేంత సేపు పట్టింది. నేను పొయ్యి కట్టేశాను కానీ దాన్ని తొందరపెట్టలేదు.

ఇంకోసారి టీచరమ్మ దాని డైరీలో ఏదో రాసి పంపారు. అదే చదవాలి, వేరే దిక్కు లేదు. కావాలంటే మార్చి చెప్పొచ్చు, నాకు తెలిసే మార్గం లేదు. గొంతు సన్నబడింది కానీ ఉన్నది ఉన్నట్టే చదివింది. 'తరగతిలో ఎక్కువ మాట్లాడుతోంది, పక్కపిల్లల్ని చదవనివ్వదు.' చదివి, కలం తెచ్చి, నా సంతకానికి చోటు కూడా చూపించింది. ఆ రోజు నుంచి దాని మాట మీద నాకు ఉన్న నమ్మకం వేరు. తరవాత కరెంటు బిల్లులు, మునిసిపాలిటీ నోటీసులు, రేషను దుకాణం పలక మీది తేదీలు, పెళ్లి శుభలేఖలు, అన్నీ దాని గొంతుతోనే నాకు చేరాయి. ఒడియా అంకెల్లో నాలుగు చూడటానికి మన ఎనిమిదిలా ఉంటుందని నేర్పింది కూడా అదే.

రాత్రిళ్లు నా వంతు. బడిలో తెలుగు లేదు కాబట్టి భోజనాలయ్యాక పలక ముందేసుకుని కూర్చునేవాళ్లం. తెలుగు సున్నా కనిపిస్తే 'ఠ' అనేది. ఒడియాలో ఠ ఉత్త గుండ్రమే మరి. 'అంగడి' అని రాసిస్తే 'అఠగడి' అని చదివి, ఇదేమి మాటమ్మా అన్నట్టు చూసేది. దిద్దిన ప్రతిసారీ, ఇది ఇక్కడ సున్నా, బడిలో ఠ అని చెప్పాలి. ఏడుగురు మనుషుల పేర్లు గుర్తుపెట్టుకోలేని పిల్ల ఈ రెండు రకాల గుండ్రాలనూ ఎప్పుడు విడదీసుకుందో తెలియదు, ఒకరోజు తడబాటు లేకుండా చదివేసింది.

టెక్కలి వెళ్లే రైల్లో మాకొక ఆట ఉండేది. ఆ లైను మొదట 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి వేయించిన చిన్న రైలు. మామయ్యగారు దాని గురించి మొదలుపెడితే ఆపేవారు కాదు. ఎత్తు ఎక్కాల్సి వస్తే కుర్రాళ్లు దిగి పక్కన నడిచి మళ్లీ ఎక్కేవారని చెప్పేవారు, మా అమ్మాయి కళ్లు ఇంత చేసుకుని వినేది. 2004లో దాన్ని ఆపి పెద్ద లైనుగా మార్చడం మొదలుపెట్టారు. మా అమ్మాయి బడిలో చేరే వేళకు పెద్ద రైలు తిరగసాగింది. ఆట ఏమిటంటే, పర్లాకిమిడి స్టేషను బోర్డు మీది ఒడియా అది చదవాలి. బండి ఏరు దాటాక పాతపట్నం, టెంబూరు, టెక్కలి, తెలుగు అక్షరాలన్నీ నేను చదవాలి. తిరుగు ప్రయాణంలో చివరి స్టేషను దానిది. కొన్నాళ్లకు పాతపట్నం రాకముందే కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి రెండు రకాల బోర్డులూ అదే చదివేయడం మొదలుపెట్టింది. నాకు వంతు లేకుండా పోయింది. ఎదుటి సీటులో ఎవరో పెద్దాయన "బాగా నేర్పావమ్మా" అన్నారు. సగమే నేను నేర్పింది. ఆ సగానికి ఎంత పొంగిపోయానో!

మొన్ననే ప్రథమాష్టమి వెళ్లింది. ఇంట్లో తొలి బిడ్డకు దీపం చూపి, అక్షింతలు వేసి, కొత్త బట్టలు కట్టబెట్టే పండగ. మన లెక్కలో కార్తీక బహుళాష్టమి. బట్టలు మేనమామ ఇంటి నుంచి రావాలి. మనకు లేని ఆచారమే, అయినా అమ్మాయి పుట్టిన ఏడాదే మౌసీ మా తమ్ముణ్ణి నిలబెట్టి చెప్పారు. అప్పటి నుంచి వాడు టెక్కలి నుంచి ఒక్క ఏడూ తప్పలేదు. గౌన్లు, పరికిణీలు, చుడీదార్లు. ఈ ఏడు చీర పంపాడు. పసుపాకులో చుట్టి ఆవిరి మీద ఉడికించిన ఎండూరి పిఠా మౌసీ ఇంటి నుంచి వచ్చింది, ఆకు విప్పగానే ఇల్లంతా పచ్చి పసుపు వాసన. అది చీర కట్టుకుని, కుచ్చిళ్లు నా చేత పెట్టించుకుని, పీట మీద కూర్చుంది. అక్షింతలు వేయడానికి నేను వంగాల్సిన అవసరం రాలేదు. కూర్చున్నా నా నడుము దాటి ఉంది.

ఈ రోజు సాయంత్రం మౌసీ ఇంట్లో లక్ష్మి కథ. ఆవిడకు చూపు మందగించింది. ఒక కంటికి శస్త్రచికిత్స అయింది, రెండోది ఇంకా కాలేదు. కొన్నేళ్లుగా గురువారం కథ మా అమ్మాయే చదువుతోంది. ఈసారి దానికి ప్రాక్టికల్స్ రికార్డు పని, ఆలస్యమైంది. మౌసీ కాసేపు చూసి పుస్తకం మావాడి చేతికిచ్చారు.

కథ అందరికీ తెలిసిందే. గురువారం నాడు లక్ష్మి ఊళ్లోకి నడిచి వస్తుంది. అలికి, ముగ్గు పెట్టి, శుభ్రంగా ఉన్న ఇల్లు ఒక్కటే కనిపిస్తుంది, అది ఊరు దూరం పెట్టిన ఒక పేదరాలిది. అమ్మవారు ఆ ఇంట్లో అడుగు పెడుతుంది. బలభద్రుడు కోపగించి, ఆమెను ఇంట్లోకి రానివ్వద్దని ఆమె భర్త, తన తమ్ముడు అయిన జగన్నాథుడితో చెబుతాడు. లక్ష్మి వెళ్లిపోయాక అన్నదమ్ములకు పన్నెండేళ్లు అన్నం పుట్టదు. చివరికి ఆమె పెట్టిన అన్నమే తిని, ఆమె అడిగిన మాటకు తల ఒగ్గుతారు. పురీ గుడిలో అన్ని కులాల వాళ్లూ కలిసి ప్రసాదం తినాలన్నది ఆమె పెట్టిన షరతు.

దీన్ని మొదటిసారి చదివినప్పుడు మా అమ్మాయి పుస్తకం మధ్యలో ఆపేసి, "అన్నయ్య చెబితే మాత్రం ఆయన ఎందుకు పంపేశాడు జేజీమా?" అని అడిగింది. మౌసీ జవాబు వెతుక్కోవలసి వచ్చింది. మావాడికి ఆ గొడవ లేదు. "పన్నెండేళ్లు నీళ్లతోనే ఉన్నారా?" అని వాడి దిగులు. పక్కనే ఖీరి, అదే పాయసం గిన్నె ఉంది, వాసన వాడి ముక్కుకు తగులుతోంది. ఒకే ఇంట్లో, ఒకే చేతి అన్నం తిని పెరిగిన ఇద్దరూ ఒకే కథలో రెండు వేరు చోట్ల ఆగడం నాకు ఎంతో ఇష్టంగా తోచింది.

వాడు ఒత్తుల దగ్గర తడబడుతున్నాడు. మధ్యలో అమ్మాయి వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి అక్కడే నిలబడింది. వాడు ఒక జంటాక్షరం దగ్గర ఆగగానే దాని పెదవులు కదిలాయి. "అక్కా, నువ్వు చెప్పొద్దు" అన్నాడు తల ఎత్తకుండానే. చెప్పలేదు. వాడు పట్టుకునే దాకా ఆగింది. అంత ఓపిక దానికి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు అనుకుంటాను.

ప్లస్ టూ అయ్యాక అది భువనేశ్వర్‌లో నర్సింగ్ చదువుతానంటోంది. మా వారు సరే అన్నారు, నేనూ అన్నాను. వెళ్లాలి. మంచి చదువు, అది కోరుకున్న చదువు. అయినా ఇల్లు ఊడ్చేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు ఆ ఆలోచన వచ్చి గుండె పట్టుకుంటోంది. కాగితాల కోసం కాదు. ఇప్పుడు ఫోను పట్టుకుంటే ఒడియా అక్షరాలు చదివి తెలుగులో చూపిస్తుంది, మావాడే చేసి చూపించాడు. పని ఆగదు. కానీ అర్థమైందా అని మాట మాటకూ తలెత్తి నా ముఖం చూసిన పిల్ల అది. ఆ చూపు కోసమే నేను ఇన్నేళ్లు అక్షరాలు నేర్చుకోకుండా ఉండిపోయానేమో అని కూడా అనిపిస్తోంది.

ఈ ఊరి బడిలోనే పాఠాలు చెబుతూ గిడుగు రామమూర్తి పంతులుగారు ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారని మామయ్యగారు ఎప్పుడూ చెప్పేవారు. అప్పటికి సవరకు లిపే లేదు. ఒడియాకు లిపి ఉంది, పుస్తకాలున్నాయి, నేర్పడానికి ఇంట్లో ఇద్దరున్నారు.

అందుకని ఇంటికి వచ్చేముందు మౌసీతో చెప్పాను. మార్గశిరం వెళ్లేలోగా ఒక గురువారం కథలో మొదటి నాలుగు పంక్తులు నేను చదువుతాను, పెద్దది ఊళ్లో ఉండగానే, దాని ముందే చదువుతాను అని. ఆవిడ సంతోషంగా ఒప్పుకున్నారు. అక్కకు అప్పుడే చెప్పవద్దని మావాడి చేత ఒట్టు వేయించుకున్నాను. వాడు తన పాత ఒకటో తరగతి పుస్తకం అటక మీద నుంచి దించి పెట్టాడు. రేపు బడి నుంచి రాగానే మొదటి పాఠం, హోంవర్కు కూడా ఇస్తాడట.