పౌర్ణమి నాడు తాతయ్యకు ఎన్నింటికి ఫోన్ చేయాలి?

పిల్లలకు తిథులు నేర్పాలనుకునే తోటి ప్రవాస తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే: పాడ్యమి, విదియ, తదియ అంటూ బట్టీ పట్టించకండి. అలా అప్పజెప్పిన పిల్లలు వారం తిరిగేసరికి మర్చిపోతారు. చంద్రుణ్ణి ఏ వేళకు, ఎటువైపు వెతకాలో తెలిస్తే ఆ పేర్లు వాటంతటవే నోటికొస్తాయి.

మా పాపకు ఈ పిచ్చి పట్టుకున్నది పగటి చంద్రుడితో. బొమ్మల పుస్తకాల్లో సూర్యుడు పగలు, చంద్రుడు రాత్రి. కానీ పొద్దున్నే బడి బస్సు కోసం నిలబడితే, దక్షిణం దాటి పడమటికి వాలుతూ సగం చంద్రుడు! "అమ్మా, ఈయన ఇంకా ఇంటికి వెళ్ళలేదేంటి?" అంది. అది బహుళ అష్టమి దగ్గరి రోజు. అప్పుడు చంద్రుడు అర్ధరాత్రి ప్రాంతంలో ఉదయించి మధ్యాహ్నం దాకా ఆకాశంలోనే ఉంటాడు. శుక్ల అష్టమికి ఇది తిరగబడుతుంది, మధ్యాహ్నం వచ్చి అర్ధరాత్రికి వెళ్ళిపోతాడు. అమావాస్యకు సూర్యుడితో పాటే వచ్చి సూర్యుడితోనే పోతాడు కాబట్టి కనబడడు. పౌర్ణమికి సూర్యుడు దిగుతుంటే ఈయన ఎక్కుతాడు.

మధ్యలో రోజులకు ఒక చిన్న లెక్క ఉంది. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు దూరం జరిగితే ఒక తిథి. భూమి 12 డిగ్రీలు తిరగడానికి 48 నిమిషాలు పడుతుంది, పాత లెక్కలో రెండు ఘడియలు. శుక్లపక్షంలో తిథి సంఖ్యను 48తో గుణిస్తే, పొద్దుగూకాక ఎన్ని నిమిషాలకు చంద్రుడు అస్తమిస్తాడో సుమారుగా వస్తుంది. చవితి అయితే 192, అంటే మూడు గంటల పైచిలుకు. కృష్ణపక్షంలో అదే గుణకారం చంద్రోదయానికి పనికొస్తుంది. బడిలో ఇచ్చిన లెక్కల కంటే మా పాప దీన్నే ఇష్టంగా చేస్తుంది. జవాబు సరిచూసుకోవడానికి టీచర్ అక్కర్లేదు, కిటికీ చాలు.

అయితే భూమధ్యరేఖకు దూరంగా వచ్చినకొద్దీ ఈ లెక్క బాగా సడలుతుంది. చంద్రోదయం రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుందంటారు గానీ, మా అమెరికా తూర్పు తీరంలో శరత్కాలపు పౌర్ణమి దగ్గర వరసగా కొన్నాళ్ళు అరగంటకు మించదు, వసంతంలో గంట దాటిపోతుంది. చంద్రుడి దారి క్షితిజంతో చేసే కోణం కాలాన్ని బట్టి మారడమే కారణం. ఇంకో తమాషా: నెలలో ఒక తేదీకి చంద్రోదయమే ఉండదు. సోమవారం రాత్రి 11:40కి ఉదయించినవాడు మళ్ళీ వచ్చేది మంగళవారం అర్ధరాత్రి దాటి, బుధవారం తేదీ పడ్డాక 12:30కి, ఇక మంగళవారానికి ఏం మిగిలింది? పట్టికలో ఆ గడి ఖాళీ.

చంద్రకళలకు భూమి నీడ కారణమని పెద్దవాళ్ళే చాలామంది అనుకుంటారు. మాటలతో వాదించే బదులు చీకటి గదిలో షేడ్ తీసేసిన టేబుల్ లైటు పెట్టి, పెన్సిల్‌కు గుచ్చిన థర్మోకోల్ బంతిని పాప చేతికిచ్చాను. లైటుకు ఎదురుగా చెయ్యి చాపితే తనకు కనిపించే వైపంతా చీకటి, అది అమావాస్య. ఎడమకు పావు వంతు తిరిగితే కుడి సగం వెలిగింది. లైటుకు వీపు పెట్టేసరికి తన తల నీడే బంతి మీద పడింది. "గ్రహణం!" అని అరిచింది. చెయ్యి కాస్త పైకెత్తమన్నాను, నిండు పౌర్ణమి. చంద్రుడి కక్ష్య 5 డిగ్రీలు వాలి ఉండబట్టే నెలనెలా గ్రహణం రాదని వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆస్ట్రేలియాలో ఉన్న మా ఆడపడుచు పిల్లలతో ఒకసారి పెద్ద గొడవే అయింది. ఒకే రోజు నెలవంక ఫోటోలు పంపుకుంటే మాది కుడివైపు వెలిగింది, వాళ్ళది ఎడమవైపు. మీ ఫోన్ తిప్పేసిందంటే మీదే తిప్పేసిందని! వాళ్ళు చంద్రుణ్ణి చూసేది ఉత్తరం వైపు తిరిగి. ఇండియాలో ఉన్న తాతయ్య పంపిన ఫోటోలో అయితే అదే నెలవంక పడవలా వెల్లకిలా పడుకుని ఉంది.

తాతయ్యకూ మనవరాలికీ తిథి దగ్గర కూడా తేడా వస్తుంటుంది. తిథి మారే క్షణం ప్రపంచమంతటా ఒక్కటే. కానీ రోజుకు పేరు పెట్టేది సూర్యోదయానికి ఉన్న తిథిని బట్టి, మాకు సూర్యోదయం పది గంటలు ఆలస్యం. అందుకని ఆయనకు తదియ అయిన తేదీ మాకు చవితి కావచ్చు.

మరి ఇద్దరూ ఒకేసారి చంద్రుణ్ణి చూడగలరా? పాప అడిగాక కూర్చుని లెక్క కట్టాం. చలికాలం పౌర్ణమికి మాకు సాయంత్రం నాలుగున్నరకే ఉదయిస్తాడు. అక్కడ అప్పుడు తెల్లవారుజామున మూడు. ఆయనకు అస్తమించేది ఆరున్నర ప్రాంతంలో. అంటే మూడు గంటలకు పైనే దొరుకుతుంది. "తాతయ్యా, నీకు దిగుతున్నాడా? నాకు ఎక్కుతున్నాడు" అంటూ ఇద్దరూ ఫోన్లు ఆకాశానికి తిప్పుతారు. ఎండాకాలం మాత్రం కుదరదు. అప్పటి పౌర్ణమి చంద్రుడు చలికాలపు సూర్యుడిలా దక్షిణాన, కిందగా పోతాడు. మాకు ఉదయించే వేళకు అక్కడ అస్తమించేసి ఉంటాడు. కాబట్టి జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు ఈ కార్యక్రమం పెట్టుకోం. మార్గశిర, పుష్యాలకు మాత్రం వదలం.

బ్రిటన్‌లో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, వాళ్ళకు ఏ కాలంలోనైనా గంటలకొద్దీ దొరుకుతుంది. అమెరికా పశ్చిమ తీరంలో ఉండే మా తమ్ముడి వాళ్ళకు వరస తిరగబడుతుంది: ఇండియాలో సాయంత్రం ఉదయిస్తుంటే, వాళ్ళకు తెల్లవారుజామున దిగుతుంటాడు. అక్కడ అలారం పెట్టుకుని లేవాల్సింది తాతయ్య కాదు, మనవలే.