సీసం అక్షరాల కాకతో తరంగంబాడి దాకా

ఆషాఢం వస్తే హనుమకొండ ప్రెస్సుల్లో పని పలచబడుతుంది. పెండ్లిళ్ళు ఉండవు కాబట్టి పెండ్లి కార్డులూ ఉండవు. స్కూళ్ళ రిజిస్టర్లు, ఫీజు రసీదు బుక్కులు జూన్‌లోనే అయిపోతాయి. మిగిలేవి బోనాల ఫ్లెక్సీలు, వాటిని షాపులో పిల్లలే చూసుకుంటారు. ఆ ఖాళీలోనే నేను, మా ఆవిడ, కాక కలిసి పాండిచ్చేరి బయలుదేరాం.

కాక అంటే బాపుకు సొంత తమ్ముడు కాదు. బాపు ట్రెడిల్ మిషన్ (కాలితో తొక్కి అచ్చు వేసేది) పెట్టిన కొత్తలో, సీసం అక్షరాలు పేర్చే కంపోజిటర్‌గా చేరి, కంప్యూటర్లు వచ్చి సీసం అక్షరాలన్నీ తూకానికి అమ్మేసే దాకా కేసుల ముందు, అంటే ఆ అక్షరాల గళ్ళ పెట్టెల ముందు నిలబడ్డ మనిషి. ఇప్పటికీ పొద్దున్నే షాపుకు వస్తాడు. టేబుల్ మీద ఏ కార్డు ఉంటే అది తీసి చదువుతాడు, ఒక తప్పు పట్టుకున్నాకే చాయ్ తాగుతాడు. సముద్రం ఎన్నడూ చూడలేదు. మా ఆవిడకేమో పాండిచ్చేరి పసుపు గోడల ముందు ఫొటోలు కావాలి. నాకు మాత్రం ఇంకా కిందికి పోయి తమిళనాడు తీరంలోని తరంగంబాడి చూడాలని చాలా ఏళ్ళ కోరిక. అది అచ్చుపని చేసేవాడి కోరిక, ఎందుకో ముందు ముందు చెప్తాను.

వరంగల్‌లో రాత్రి చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున చెన్నై దాటి తాంబరం దాకా పోతుంది. అక్కడ కారు మాట్లాడుకుని ఈస్ట్ కోస్ట్ రోడ్డు పట్టుకున్నాం. మహాబలిపురంలో ఎండకు భయపడి ఆగలేదు. ఆ సంగతి మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.

పాండిచ్చేరిలో సాయంత్రం ఆరు అయితే బీచ్ రోడ్డు మీదికి బండ్లను రానివ్వరు. ఊరంతా అక్కడే నడుస్తుంది. కాకను నేరుగా గాంధీ విగ్రహం దగ్గరికి తీసుకుపోయాం. కాసేపు చూసి, "నీళ్ళున్నయి గానీ ఒడ్డేది బిడ్డా?" అన్నాడు. నిజమే, రోడ్డు పక్కన చాలా దూరం దాకా నల్ల బండరాళ్ళే. అవి అక్కడ పుట్టినవి కావు, తెచ్చి పోసినవి. ఈ తీరం వెంట ఇసుక ఒకచోట నిలవదు. ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు దాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుంటూ పోతాయి. 1980ల చివర ఊరికి దక్షిణాన హార్బర్ కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టారు. కింది నుంచి వచ్చే ఇసుక ఆ గోడ దగ్గరే ఆగిపోయింది. ఊరి ముందు ఉన్న ఇసుక మాత్రం పైకి పోవడం మానలేదు. అట్లా బీచే మాయమై, రోడ్డును కాపాడుకోవడానికి రాళ్ళు పోయాల్సి వచ్చింది. 2018లో నీళ్ళ అడుగున ఒక కట్టడం వేశాక విగ్రహానికి ఉత్తరం వైపు కొంత ఇసుక తిరిగి చేరింది, ఇప్పుడు పిల్లలు ఆడుకునేది అందులోనే. హార్బర్‌కు దక్షిణాన చున్నాంబార్ నుంచి పడవలో పోయే పారడైజ్ బీచ్‌లో ఇసుకకు కొదవ లేదు. మరునాడు అక్కడికీ పోయాం. మా ఆవిడకు నచ్చింది. నాకైతే పడవ క్యూ తప్ప ఏమీ గుర్తు లేదు.

ఒక్క మాట, మనవాళ్ళకు గట్టిగానే చెప్పాలి. లక్నవరం, పాకాల చెరువుల్లో నీళ్ళు చూసి పెరిగిన ధైర్యంతో ఇక్కడ దిగొద్దు. ఈ తీరంలో అల ఒడ్డుకు వచ్చాకే విరిగి మీద పడుతుంది, వెనక్కి పోతూ కాళ్ళ కింది ఇసుకను లాగేస్తుంది. పోలీసులు విజిల్ వేస్తే విసుక్కోకుండా బయటికి రండి.

ఊరి సంగతి. ఫ్రెంచి వాళ్ళు ఉన్న భాగానికి, తమిళ వీధులకు మధ్య ఒక కాలువ ఉంది. అటు పసుపు, తెలుపు గోడలు, బోగన్‌విల్లా చెట్లు, నీలం పలకల మీద ఫ్రెంచిలో వీధుల పేర్లు. అందరూ ఫొటోలు దిగేది అక్కడ. అందంగా లేదని అనను, కానీ సగం ఇండ్లు హోటళ్ళే, కాఫీ రేటు చూసి కాక కప్పు ముట్టుకోలేదు. పైగా ఇక్కడ కనిపించేదంతా ఫ్రెంచి గవర్నర్ డూప్లే కాలం నాటిది అనుకుంటే పొరపాటు. 1761 జనవరిలో ఇంగ్లీషు వాళ్ళు ఈ ఊరిని పట్టుకుని కోటతో సహా నేలమట్టం చేశారు. మనం చూసేదంతా ఆ తర్వాత మళ్ళీ లేపుకున్నది.

నన్ను ఆపింది ఒక వీధి పేరు. ఇప్పుడది లాల్ బహదూర్ శాస్త్రి వీధి, పాత పేరు బుస్సీ వీధి. కాకకు చెప్పగానే "బొబ్బిలి బుస్సీ దొరనా!" అని నడిరోడ్డు మీద నిలబడ్డాడు. చిన్నప్పుడు బుర్రకథల్లో విన్న పేరాయె. ఆ ఫ్రెంచి సేనాని బుస్సీనే. 1751లో నిజాం వంశపు సలాబత్ జంగ్‌ను దక్కన్ గద్దె మీద కూర్చోబెట్టి, అందుకు బదులుగా 1753లో కోస్తాలోని ఉత్తర సర్కార్లను ఫ్రెంచి వాళ్ళకు రాయించుకున్నవాడు. 1757లో బొబ్బిలి కోట మీదికి పోయినవాడు. పక్కనే బైక్ పార్క్ చేస్తున్న తమిళ పిల్లవాడికి కాక తెలుగులోనే బొబ్బిలి కథ మొదలుపెట్టాడు. ఆ పిల్లవాడు పాపం మర్యాదగా తల ఊపుతున్నాడు. గాంధీ విగ్రహం చుట్టూ ఉన్న చెక్కిన రాతి స్తంభాలు కూడా జింజీ కోట నుంచి తెచ్చినవే. 1750లో జింజీని పట్టుకున్నదీ ఈ బుస్సీనే.

ఇంకో సంగతి మా ఇద్దరికీ నచ్చింది. 1947 ఆగస్టు 15న ఇక్కడ కూడా మన జెండా ఎగరలేదు. మనకు 1948 సెప్టెంబర్ దాకా నిజాం, వీళ్ళకు 1954 నవంబర్ 1 దాకా ఫ్రెంచి వాళ్ళు. కాగితాల మీద పూర్తి అప్పగింత 1962లో గానీ కాలేదు.

అరవిందాశ్రమం వాళ్ళ చేతి కాగితం కర్మాగారం 1959 నుంచి నడుస్తోంది. అక్కడ కాక కాళ్ళు కదల్లేదు. బట్టల మిల్లుల్లో మిగిలిన నూలు ముక్కలను నానబెట్టి, గుజ్జు చేసి, జల్లెడ లాంటి చట్రంతో నీళ్ళలో నుంచి ఎత్తుతారు. చట్రం మీద నిలిచిందే కాగితం. దాన్ని ఒత్తి నీళ్ళు పిండి ఆరబెడతారు. చెట్టు గుజ్జు లేదు, అంతా పత్తే. మా వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బస్తాల్లో వచ్చే పత్తి ఎన్ని చేతులు మారితే ఇక్కడ షీటు అవుతుందో అనుకున్నాను. కాక ఒక షీటు వేళ్ళ మధ్య నలిపి, "దీని మీద ట్రెడిల్ వేస్తే అక్షరం ఎట్ల దిగుతదో తెలుసా? చేత్తో తడిమి చదవొచ్చు" అన్నాడు. ఆఫ్‌సెట్‌లో, అంటే ఇప్పటి మా మిషన్‌లో, ఇంకు పైపైన అంటుకుంటుందే తప్ప కాగితంలోకి దిగదు. ఆయన మా మిషన్‌ను ఎప్పటికీ అచ్చు అని ఒప్పుకోకపోవడానికి అదే కారణం.

ఇక తరంగంబాడి. పాండిచ్చేరి నుంచి కడలూరు, చిదంబరం, శీర్గాళి మీదుగా దక్షిణానికి పోవాలి, కారైక్కాల్‌కు కొంచెం ఇవతల వస్తుంది. పాండిచ్చేరిలో ఉన్న గుంపులో పదో వంతు కూడా లేదు. 1620లో డెన్మార్క్ వాళ్ళు వచ్చి తంజావూరు రఘునాథ నాయకుడి దగ్గర ఈ జాగా తీసుకున్నారు. రఘునాథుడు స్వయంగా తెలుగులో కావ్యాలు రాసిన రాజు. ఒడ్డునే డాన్స్‌బోర్గ్ కోట కట్టారు. మన ఓరుగల్లు కోట చూసిన కళ్ళకు అది పెద్ద ఇల్లులా ఉంటుంది. 1845లో ఈ ఊరినీ, బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌నూ కలిపి ఇంగ్లీషు వాళ్ళకు అమ్మేసుకుని పోయారు.

కోట గోడ మీద కూర్చుంటే నాకు మోటుపల్లి గుర్తొచ్చింది. సముద్రంతో మనకేం పని అనుకుంటాం గానీ, కాకతీయులకు ఓడరేవు ఉండేది. 1244లో గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. అంతకు ముందటి రాజులు, తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాక్కునేవారట. ప్రాణం కంటే ధనమే ఎక్కువని తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ళ దగ్గర మేం న్యాయమైన సుంకం తప్ప ఇంకేం తీసుకోం అని రాయించాడు. కాకకు చెప్తే, "అది గూడ అచ్చే గదరా, రాయి మీద. మళ్ళ దిద్దుడు ఉండదు" అన్నాడు.

ఒడ్డున మాసిలామణి నాథర్ గుడి ఉంది. 1306లో పాండ్య రాజు కట్టించింది, అంటే ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు ఉన్న రోజులు. సముద్రం కొట్టి కొట్టి దాని ముందు భాగాన్ని తీసుకుపోయింది. 2004 సునామీ ఈ ఊరిని గట్టిగానే దెబ్బతీసింది.

నేను వచ్చింది మాత్రం రాజవీధిలో ఉన్న న్యూ జెరూసలేం చర్చి కోసం. దాన్ని కట్టించి, అందులోనే సమాధి అయిన మనిషి సీగెన్‌బాల్గ్. జర్మన్ పాదిరి. 1706లో ఇక్కడ దిగి, తమిళం నేర్చుకుని, 1719లో ముప్పై ఆరేళ్ళకే చనిపోయాడు. ఈ మధ్యలో ఆయన పెట్టిన ప్రెస్సు గురించి బాపు చెప్తుంటే విన్నాను. లండన్‌లోని ఒక క్రైస్తవ సంఘం ప్రెస్సునూ, నడిపేవాడినీ ఓడలో పంపింది. ఓడను దారిలో ఫ్రెంచి వాళ్ళు పట్టుకున్నారు. ఆ పనివాడు దారిలోనే జ్వరంతో పోయాడు. 1712లో ప్రెస్సు మాత్రం ఒడ్డుకు చేరింది. తమిళ అక్షరాలను జర్మనీలోని హాలెలో పోయించి తెప్పించారు. తీరా చూస్తే అవి మరీ పెద్దవి, కాగితం దండిగా తినేస్తున్నాయి. అప్పుడు చిన్న అక్షరాలను ఇక్కడే పోశారు. సీసం ఎక్కడిదంటే, ఇంగ్లండ్ నుంచి వచ్చే చీజు డబ్బాల మూతలది! కాగితానికి పక్కనే పొరయారులో మిల్లు పెట్టుకున్నారు. బైబిల్ కొత్త నిబంధన తమిళంలో 1715కు పూర్తయింది.

చర్చి మెట్ల మీద ఈ కథంతా చెప్తే కాక నమ్మలేదు. "మూతల సీసమా? ఒట్టి సీసం మెత్తగ ఉంటది. తగరం, ఆంటిమొనీ కలపకపోతే నాలుగు రోజులకే ముక్కులు అరుగుతయి." కలిపే ఉంటారులే అన్నాను. "తమిళానికి అక్షరాలు తక్కువ, బతికిపోయిండ్రు. మన వత్తులు పోయమను, తెలుస్తది" అన్నాడు. ఆయన బాధ నాకు తెలుసు. తెలుగు కేసులో గళ్ళు ఎన్నో, గుణింతాలు ఎన్నో, ఒక్కో వత్తు విడిగా పెట్టి కింద ఇమిడించాలి. 'స్త్రీ' కంపోజ్ చేయాలంటే ఇప్పటికీ ఆయన వేళ్ళు గాల్లో కదులుతాయి.

అప్పుడు అసలు సంగతి చెప్పాను. సీగెన్‌బాల్గ్ పోయిన ఏడాదే షుల్జ్ అనే ఇంకో జర్మన్ పాదిరి ఈ ఊళ్ళోనే దిగాడు. తర్వాత మద్రాసు పోయి తెలుగు నేర్చుకున్నాడు. 1743లో స్వదేశం పోయి, 1746, 47లలో హాలెలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో మొట్టమొదటి అచ్చు పుస్తకాలు అవే. మన భాషకు వత్తులు పోసి, స్టిక్కులో పేర్చి, ఇంకు పూసింది తెలుగు ముక్క రానివాళ్ళ చేతులు.

కాక చాలాసేపు లెక్కలు వేసుకున్నాడు. తర్వాత అడిగాడు: "మరి ప్రూఫ్ ఎవరు చూసిండ్రు? ఆడ తెలుగోడు లేకపాయె."

"ఆయనే చూసి ఉంటాడు. ఇంకెవరికి వచ్చు?"

"రాసినోడే చూసిండా?" కాక మొహంలో తప్పు దొరికిన సంబరం కనపడింది. "అయితే అందుల తప్పులు మస్తుగుంటయి. రాసినోడికి తను రాసింది కనపడదు, రాయాలనుకున్నది కనపడతది."

మా ఆవిడ నవ్వి, ఆ పుస్తకం దొరికితే కాక చేతికి ఇయ్యాలె, ముక్కోటి దేవతలు వచ్చినా వదిలిపెట్టడు అంది. నెట్‌లో స్కాన్లు ఉంటే వెతికి ప్రింటు తీస్తానని మాటిచ్చాను. కాక వెంటనే, ఏ3 మీద తియ్యి, నాకు చిన్న అక్షరాలు కనపడయి అన్నాడు.

ఎవరైనా పోతే, రాత్రికి పాండిచ్చేరిలోనో కారైక్కాల్‌లోనో ఉండి పొద్దున్నే తరంగంబాడి చేరండి. పది దాటితే కోట దగ్గర నీడ దొరకదు. మేం మధ్యాహ్నం పొరయారులో ఒక మెస్సులో అన్నం తిన్నాం. సాంబారు బాగుంది. కాక మాత్రం పచ్చిపులుసు ఉందా అని సైగలతో అడిగి, లేదని తెలిసి, పెరుగుతో సరిపెట్టుకున్నాడు.