వంటలక్క మీద ప్రేమ, ఆమె మౌనం మీద కోపం

సీరియల్లో త్యాగం నడవాలంటే ముందు ఒక నిజం దాచాలి. అది కథానాయికకు తెలిసే ఉంటుంది. చెప్పబోయేసరికి ఫోను మోగుతుంది, లేదా అత్తగారికి కళ్లు తిరుగుతాయి. అరగంట స్లాటులో ప్రకటనలు పోగా మిగిలేది ఇరవై నిమిషాల చిల్లర. ఒక్క మాటకు ఇంట్లో ఆరుగురి ముఖాలూ వరసగా చూపిస్తే నిమిషం ఇట్టే గడిచిపోతుంది. ఆఖరి షాట్ ఆమె తడికళ్ల మీద ఆగుతుంది. నిజం బయటపడితే కథ అయిపోతుంది కాబట్టి ఆమెను మాట్లాడనివ్వరు.

2017లో మొదలై 2023 దాకా సాగిన 'కార్తీక దీపం' చూడండి. మలయాళ 'కరుత్తముత్తు'కు రీమేక్ అది. అందులో కథానాయిక దీప కడుపులో బిడ్డ తనది కాదని అనుమానించిన భర్త స్వయానా డాక్టరు. డీఎన్ఏ పరీక్షతో తేలిపోవాల్సిన విషయం ఏళ్లు లాగారు. అక్కడ కడుపు మండిపోతుంది. కానీ అదే దీప గర్భంతో ఇల్లు వదిలి, వంటలు చేసి బిడ్డను పెంచుకుంది. జనం 'వంటలక్క' అని పిలుచుకున్నది ఆ తెగువను చూసే. నాకూ ఆమె అందుకే ఇష్టం.

సీరియళ్లలో ఇంటి అప్పు కోసం కథానాయిక నగలిచ్చే సీన్లు మాత్రం అస్సలు మింగుడుపడవు. గాజులు ఒక్కొక్కటే తీస్తుంది, కెమెరా బోసి మణికట్టు మీద నిలుస్తుంది, వీణ మోగుతుంది. మరుసటి వారానికి ఆ గాజుల ఊసే ఉండదు. అప్పు తీరాక విడిపించి తెచ్చి ఆమె చేతికి తొడిగే సీను ఒక్కటి రాయడానికి రెండు నిమిషాలు చాలు కదా!