ఎనిమిది వందల చుట్లు

1994 నవంబరు. సైన్సు ఫెయిర్‌కి టెస్లా కాయిల్ (గొట్టానికి వైరు చుట్టి వోల్టేజిని విపరీతంగా పెంచే పరికరం) చేస్తామని మాస్టారికి మాటిచ్చేశాం గానీ, దానికి వైరు ఎక్కడ దొరుకుతుందో నాకూ, నా స్నేహితుడికీ తెలియదు. కావలి ట్రంకు రోడ్డులో మోటార్లు చుట్టే కొట్టు ముందు నిలబడ్డాం. మేస్త్రీ తలెత్తకుండానే "ఏ గేజి కావాలబ్బయ్యా?" అన్నాడు. వైరు మందాన్ని చెప్పే నంబరట; గేజి అనే మాట వినడం అదే మొదలు.

ఆయనే 28 గేజి ఎనామిల్ (కరెంటు దాటకుండా వేసే పూత) వైరు పావుకిలో తూచి ఇచ్చాడు. మా అదృష్టం, అది సరిపోయింది. మరీ సన్నమైతే చుట్టేటప్పుడు తెగుతుంది, లావైతే అన్ని చుట్లకి గొట్టం పొడవు చాలదు. "పొర మీద పొర వేసెయ్యండి" అని ఆయన చెప్పిన మాట కూడా విన్నాం, అక్కడే చెడ్డాం. స్విచ్చి వేయగానే పొరల మధ్య చిటపటలు, ఎనామిల్ కాలిన కంపు.

మాస్టారు తిట్టలేదు. "అడుగు నుంచి కొసకి వోల్టేజి మెట్టు మెట్టుగా పెరుగుతుందిరా. పక్కపక్క చుట్లకి తేడా కొంచెమే. రెండో పొర వెనక్కొచ్చి మొదటి దాని మీద కూర్చుంటే, కొసా మొదలూ ఒకచోట చేరినట్టే. ఆ పూత ఏం ఆపుతుంది?"

మళ్లీ కొన్నాం. ముసురు వల్ల 75 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం చెమ్మపట్టి ఉంటే లోపల బల్బు వేలాడదీసి రాత్రంతా ఆరబెట్టాం. నేను గొట్టం తిప్పుతుంటే వాడు గుడ్డముక్కతో వైరు బిగించి పట్టేవాడు. ఒకే పొర, చుట్టుకి చుట్టు ఆనుకుని, 800 చుట్లకి 33 సెంటీమీటర్లు. నాలుగొందల అరవై దగ్గర వాళ్లక్క పిలిచిందని వైరు వదిలేశాడు. స్ప్రింగులా విడిపోయింది! ఆ రోజు వాడితో మాట్లాడలేదు. తర్వాత నుంచి యాభై చుట్లకోసారి సెల్లోటేపు, చివర్లో మేస్త్రీ ఇచ్చిన వార్నిష్.

ప్రైమరీకి, అంటే కరెంటు ముందుగా పోయే కింది చుట్టకి, ఫ్రిజ్ మెకానిక్ దగ్గర పావంగుళం రాగిగొట్టం తెచ్చి, చక్రంలా ఎనిమిది చుట్లు పరిచాం. ఇందులో కరెంటు సెకనుకి లక్షలసార్లు దిశ మారుతుంది; అంత ఫ్రీక్వెన్సీలో అది రాగి పైపైనే, మిల్లీమీటరులో పదోవంతు లోతున పోతుందట, బోలుగా ఉన్నా నష్టం లేదు. రెండు చుట్టల ఫ్రీక్వెన్సీ కలిసేదాకా, ప్రైమరీకి తగిలించిన క్లిప్పు అరచుట్టు చొప్పున జరుపుతూ పోయాం. ఆరో చుట్టు దగ్గర, పక్కన ఆనించి ఉన్న ట్యూబులైటు వైరు లేకుండానే వెలిగింది.

అటెండరు గుమ్మంలోనే ఆగిపోయాడు. "అది మాడిపోయిందని నిన్న నేనేగా తీసి పారేసింది!"