సిమెంటుకు తీపి పడదు

చెరకు పిప్పిలో సిమెంటు కలిపి గోడ పలకలు చేద్దామని మొదలుపెట్టినప్పుడు, కష్టమంతా అచ్చులోనే ఉంటుందనుకున్నాను. చెక్కతో రెండడుగుల అచ్చు కొట్టుకుని, పిప్పిని చిన్నగా తరిగి, సిమెంటూ నీళ్లూ కలిపి కూరాను. మర్నాడు వేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. మూడో రోజూ అంతే. సిమెంటు పాతదేమోనని కొత్త బస్తా తెచ్చి మళ్లీ పోశాను. మళ్లీ అదే ముద్ద.

తప్పు సిమెంటుది కాదు, పిప్పిలో మిగిలిపోయిన చక్కెరది. అది సిమెంటు రేణువులకు పట్టేసి, నీటితో కలిసి గట్టిపడనివ్వదు. సిమెంటు బరువులో 0.1 శాతం ఉన్నా చాలు, గట్టిపడటం బాగా ఆలస్యమవుతుంది. ఈ సంగతి తెలిసేసరికి రెండు బస్తాలు మట్టిపాలు.

తర్వాత పిప్పిని మరిగే నీళ్లలో గంటసేపు నానబెట్టి వంపేశాను. మొదటి విడత నీళ్లు టీ డికాషన్ రంగులో, చేతికి జిగురుగా వచ్చాయి. నాలుగో విడతకు గానీ తేటపడలేదు. ఎండబెట్టాక ఇంకో చిక్కు: బాగా ఎండిన పిప్పి సిమెంటుకు అందాల్సిన నీళ్లన్నీ తనే తాగేస్తుంది. అందుకే కలిపే ముందు కాస్త తడిపి పెట్టుకున్నాను. ఈసారి అచ్చు విప్పితే అంచులు విరగలేదు. వేలితో కొడితే టక్‌మని మోగింది. ఆ శబ్దం విన్నాకే టెన్షన్ తగ్గింది. ఆ తర్వాత 28 రోజులు తడి గోనె కప్పి ఉంచాను.

సిమెంటులోని క్షారం ఏళ్లు గడిచేకొద్దీ పిప్పిలోని నారను పెళుసుగా చేస్తుంది. అందుకని తర్వాతి పలకల్లో అయిదో వంతు సిమెంటు తీసేసి, సరిగ్గా కాల్చి మెత్తగా నూరిన వరి ఊక బూడిద వేశాను. అందులోని సిలికా ఆ క్షారాన్ని కొంత తగ్గిస్తుంది.

ఇంకా గట్టిగా ఉండాలని ఒక పలకను దిమ్మిసతో బాగా కుదించాను. రాయిలా అయింది, కానీ వేడిని ఆపే గుణం తగ్గింది. వేడిని ఆపేది నార మధ్య చిక్కుకున్న గాలే మరి. ఈ పలకలు బరువు మోయడానికి కావు, స్తంభాల మధ్య నింపడానికి. బరువు మోస్తాయన్న ఆశ ముందే వదిలేసుంటే శ్రమ తగ్గేది.

గాలి తగలని మూలలో ఆనించిన పలకకు మాత్రం వారంలో నల్లగా బూజు పట్టింది. అప్పటినుంచి పూర్తిగా ఆరాకే, తేమను బయటకు వదిలే సున్నపు పూత వేస్తున్నాను. మేకు కొడితే పలక పగల్లేదు గానీ, లాగితే మేకు ఊడొచ్చింది. ఇప్పుడు స్క్రూలు వాడుతున్నాను.